చీపురు ఎవరి వంతు?

ఉద్దానంలో రిటైరైన మాస్టారి ఇంటికి మనుషులు రెండు పనుల మీద వస్తారు. ఆధార్‌లో పుట్టినతేదీ తప్పు పడిందని దరఖాస్తు రాయించుకోడానికి కొందరు, విన్న సంగతి నిజమో కాదో తేల్చుకోడానికి కొందరు. టోక్యోలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచి ఈ రెండో రకం వాళ్ళు ఎక్కువయ్యారు. బుల్లెట్ రైలు గురించి అడుగుతారనుకున్నాను. అది ఒకరిద్దరితో అయిపోయింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆవిడ దగ్గర్నుంచి టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడి దాకా అందరూ అడిగింది అక్కడి బడి గురించే.

మావాళ్ళు ఉండేది ఎదొగావా వార్డులో. మన దేశం వాళ్ళు గుంపుగా ఉండే నిషి-కసాయి ఆ వార్డులోదే. అక్కడి తెలుగువాళ్ళు చాలామంది పిల్లల్ని 2004లో మొదలైన ఇండియా ఇంటర్నేషనల్ స్కూలు లాంటి వాటిలో వేస్తారు. రేపు తిరిగి వచ్చేస్తే సీబీఎస్ఈ చదువు అక్కరకొస్తుందని వాళ్ళ లెక్క. మా అల్లుడు మాత్రం నడిచి వెళ్ళే దూరంలో ఉందని సర్కారు బడిలోనే వేశాడు. నాకు దగ్గర్నుంచి చూసే వీలు అలా దొరికింది. చూసినవీ, చదివినవీ, ఇక్కడ అడిగినవాళ్ళకి చెప్పగా చెప్పగా నాకు తేటపడినవీ రాస్తున్నాను. అంకెలు వేశాను గానీ, ముందుది గొప్పదనీ వెనకది తక్కువదనీ అనుకోవద్దు.

1. ఫోన్‌లో వచ్చిన జపానుని ముందు వడగట్టాలి

"జపాన్లో నాలుగో తరగతి దాకా పరీక్షలే ఉండవంట కదా మాస్టారూ!" ఈ మాట రాని రోజు లేదు. ఉంటాయి. పాఠం పూర్తికాగానే చిన్న పరీక్ష, టర్ము చివర ప్రోగ్రెస్ కార్డు, ఒకటో తరగతి నుంచే. ఆరో తరగతి వాళ్ళకీ తొమ్మిదో తరగతి వాళ్ళకీ 2007 నుంచి ఏప్రిల్‌లో దేశమంతటా ఒకే పరీక్ష పెడుతున్నారు. లేనిదల్లా తరగతి తప్పించడం. ఆరేళ్ళ ప్రాథమిక బడి, మూడేళ్ళ మాధ్యమిక బడి ఏ పిల్లాడికైనా సాఫీగా సాగిపోతాయి. అసలు కాటు పదిహేనో ఏట. హైస్కూలు నిర్బంధ చదువులోకి రాదు, దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడి నుంచి సాయంత్రం ట్యూషన్లు, రాత్రి తొమ్మిదింటికి బ్యాగు వేసుకుని రైలెక్కే పిల్లలు. కాశీబుగ్గలో పదో తరగతి పిల్లలున్న ఏ వీధికైనా కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

"ఒక్క పిల్ల కోసం రైలు స్టేషను మూసెయ్యకుండా ఉంచారంట." ఇది ఇంకోటి. హొక్కైడో దీవిలో క్యూ-షిరాతాకి స్టేషను కథ. అక్కడ రైలెక్కి హైస్కూలుకి వెళ్ళే అమ్మాయి ఉన్నమాట నిజం, 2016 మార్చిలో స్టేషను మూసిన మాటా నిజం. జనం లేక మూశారు, టైంటేబుల్ మారే నెల చూసి మూశారు. ఆ పిల్ల చదువు ముగిసే దాకా ఆగారన్న ముక్క తరవాత లోకం అతికించుకున్నది. 1900లో మొదలైన పర్లాకిమిడి చిన్నరైలెక్కి టెక్కలి వచ్చి చదువుకున్న ముసలివాళ్ళకి ఈ కథంటే మరీ ఇష్టం. కాదని చెప్తే నా మీద కోపమొస్తుంది. వస్తే రానీ.

2. చీపురు చూసి మురిసిపోకండి, గోడ మీద చక్రం చూడండి

తల్లిదండ్రులు వచ్చి తరగతులు చూసుకోవచ్చని బడివాళ్ళు అప్పుడప్పుడు పిలుస్తారు. అలా వెళ్ళిన రోజు చూశాను. భోజనాలయ్యాక మైకులో పాట మొదలైంది. బల్లలన్నీ వెనక్కి జరిగాయి. ఎనిమిదేళ్ళ గుంటలు తడిగుడ్డని రెండు చేతులతో నేలకి అదిమి, నడుం పైకెత్తి, ఈ గోడ నుంచి ఆ గోడకి ఒకటే పరుగు. ఒకడు జారి బోర్లాపడ్డాడు, పక్కవాడు పకపకా నవ్వాడు, మళ్ళీ ఇద్దరూ పరుగు. పంతులమ్మ కూడా మోకాళ్ళ మీద కూచుని ఓ మూల రుద్దుతోంది. పాట ఆగేసరికి పావుగంటో ఇరవై నిమిషాలో పట్టుంటుంది. బల్లలు మళ్ళీ ముందుకొచ్చాయి.

వీడియోల్లో కనిపించేది ఇంతవరకే. నా కన్ను నల్లబల్ల పక్కనున్న అట్ట మీద పడింది. రెండు గుండ్రాలు, ఒకదాని మీద ఒకటి, మధ్యలో పిన్ను. బయటి గుండ్రం మీద పనులు: నేల, కిటికీలు, మెట్లు, చేతులు కడిగే చోటు, మరుగుదొడ్డి. లోపలి గుండ్రం మీద పిల్లల జట్లు. వారానికో గడి తిప్పుతారు, అంతే. ఎవరూ ఎవరినీ పేరుపెట్టి పిలవక్కర్లేదు. (ఊడ్చే ఉద్యోగులే లేరన్నదీ పూర్తి నిజం కాదు. మరమ్మతులూ, పిల్లల వల్ల కాని పనులూ చూసే మనిషి బడికి ఉంటాడు.)

తిరిగొచ్చాక కాశీబుగ్గ టీ కొట్టు దగ్గర ఇదే మాట.

"అయితే ఆళ్ళ పిల్లలు బడి తుడుస్తారేటి మాస్టారూ?"

"తుడుస్తారు."

"డాక్టరు గారి కొడుకు కూడానా?"

"ఆడి వంతొస్తే ఆడూను."

"మరి పాయకానా?"

"అదీ వంతులోదే."

అడిగిన మనిషి గ్లాసు కింద పెట్టి, "అలగైతే మన దగ్గర ఒకే వీధికి వంతొచ్చీది కదేటి," అన్నాడు. నేను సర్వీసంతా చూసింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

మన బళ్ళలో పిల్లలు తుడవలేదా? నేను చదువుకున్నప్పుడు తుడిచాం, నేను పాఠం చెప్పినప్పుడూ చాలాకాలం తుడిచారు. కొబ్బరి ఈనెల చీపుళ్ళకి ఉద్దానంలో కరువు లేదు. కానీ "ఒరే, నువ్వు రా" అని వేలు చూపించేది మాస్టారు. ఆ వేలు ఏ వీధి పిల్లల వైపు తిరుగుతుందో ఊరందరికీ తెలుసు. కుండలో నీళ్ళు ముంచి పోసేది ఒక రకం పిల్లలు, దొడ్డి కడిగేది ఇంకో రకం పిల్లలు.

ఇప్పుడు సర్కారు బళ్ళో పిల్ల చేతిలో చీపురు కనిపిస్తే చాలు, ఇవాళ ఫోటో, రేపు పేపరు, ఎల్లుండి మెమో. ఆ ఫోటో తీసినాయనే సాయంత్రం జపాను వీడియో పంపి, చూడండి క్రమశిక్షణంటే ఇదీ అంటాడు. నవ్వొచ్చే మాటే. కానీ ఫోటో చూసి తిరగబడిన తండ్రి కోపంలో న్యాయం ఉంది. "మా తాత ఊడ్చాడు, మా అయ్య ఊడ్చాడు, నా కూతుర్ని ఊడవడానికి పంపలేదు" అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. ఆయనకి జపాను క్రమశిక్షణ గురించి చెప్పబోవడం తగని పని. ఆయనకి చూపించాల్సింది ఆ అట్టచక్రం. ప్రెసిడెంటు గారి మనవడూ, మాస్టారి కొడుకూ, ఈయన కూతురూ ఒకే జట్టులో ఉండి, వంతు తిరిగేసరికి ముగ్గురూ కలిసే మరుగుదొడ్డి గడి మీదికి రావాలి. మాస్టార్ల పిల్లలు సర్కారు బళ్ళో ఉంటే కదా అంటారా? అదీ నిజమే. చక్రం చెయ్యడానికి ఓ పాత అట్టపెట్టె చాలు, దాన్ని నిజాయితీగా తిప్పడమే కష్టం. తిప్పలేని ఊళ్ళో చీపురు పిల్లల చేతికివ్వకపోవడమే మేలు.

3. నీళ్ళ గురించి అడిగినావిడ అందరికన్నా బాగా అడిగింది

వజ్రపుకొత్తూరు వైపు నుంచి భర్తని డయాలసిస్‌కి పలాస తీసుకొచ్చే మనిషి ఆవిడ. "ఆ బళ్ళో పిల్లలు ఏ నీళ్ళు తాగుతారు మాస్టారూ?" అంది. కొళాయి నీళ్ళే అన్నాను. వరండాలో వరసగా కొళాయిలుంటాయి, చేతులు కడుక్కునేదీ అక్కడే, తాగేదీ అక్కడే. ఇంటి నుంచి సీసాలో తెచ్చుకున్నా అవీ కొళాయి నీళ్ళే. ఆవిడ ఇంకేమీ అడగలేదు. జపాను బడి గురించి తెలుసుకోవాల్సింది ఆవిడకి అంతే.

ఉద్దానంలో కిడ్నీల జబ్బుకి ఫలానాదే కారణమని పరిశోధకులు ఇంకా ఖాయం చెయ్యలేదు. నీళ్ళు, ఎండలో చాకిరీ, నొప్పుల మాత్రలు, పురుగుమందులు, అన్నిటి మీదా అనుమానం ఉంది. హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చారు, 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. అయినా ఇక్కడ పిల్లాడి నోటి దగ్గరికి గ్లాసు వెళ్తుంటే తల్లి చూసే చూపు వేరు. బడి ఎలాంటిదని తేల్చడానికి మేం మొదట చూసేది నల్లబల్లనీ కాదు, కంప్యూటర్లనీ కాదు, నీళ్ళ డ్రమ్ముని.

భోజనం సంగతి తరవాత. యమగత రాష్ట్రంలో త్సురుఒకా అనే ఊరుంది. 1889లో అక్కడి గుడి బడిలో బీదపిల్లలకి అన్నం ముద్దలు, ఉప్పుచేప పెట్టడంతో మొదలైందని వాళ్ళు చెప్పుకుంటారు. 1954లో చట్టమే చేశారు. వంటకి కావల్సిన సరుకుల ఖర్చు చాలాకాలం తల్లిదండ్రులే ఇచ్చారు, ఈమధ్య చాలా చోట్ల అదీ తీసేస్తున్నారు. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బళ్ళలో వండి పెడుతున్నాం, మొదట్నుంచీ ఉచితమే. గుడ్డు, చిక్కీ, రాగిజావ కూడా చేరాయి. ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కాబట్టి భోజనం దగ్గర తల దించుకోవాల్సిన పని మనకి లేదు. పిల్లలకి పెట్టే ముందు పెద్దవాళ్ళు రుచి చూడాలన్న నియమం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

తేడా ఎక్కడుందంటే, కూచునే చోట. అక్కడ తెల్ల కోటు, తెల్ల టోపీ, మూతికి గుడ్డ కట్టుకున్న నలుగురైదుగురు పిల్లలు గిన్నెలు మోసుకొచ్చి అందరికీ వడ్డించారు. వాళ్ళ వారం వంతు అది. పంతులమ్మకీ అదే గరిటె, అదే పళ్ళెం. ఆవిడ పిల్లల మధ్యనే కూచుని తింది. పచ్చికూర వదిలేసిన పిల్లాడి వైపు ఓసారి చూసింది, వాడు నిట్టూర్చి తినేశాడు. మన దగ్గర పిల్లలు వరండాలో పళ్ళేలు పట్టుకు కూచుంటారు, మాస్టార్ల క్యారేజీలు స్టాఫ్‌రూములో తెరుచుకుంటాయి. ఎవరూ పెట్టిన రూలు కాదది. మార్చడానికి జీవో కూడా అక్కర్లేదు.

4. సంచీ ఖరీదు అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు

అక్కడి పిల్లల వీపు మీద గట్టి తోలు సంచీ, ఆరేళ్ళూ అదే. సగటున అరవై వేల యెన్‌ల దాకా పడుతుంది, మన డబ్బుల్లో ముప్పై వేల పైమాట. చాలా ఇళ్ళల్లో తాతయ్యా అమ్మమ్మా కొనిపెడతారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. అంతకన్నా ఈ విషయం మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

5. రోజూ మోగే మైకే తుఫాను రోజు మోగుతుంది

ఎదొగావాలో సాయంత్రం పిల్లలు ఇళ్ళకి చేరాల్సిన వేళకి వీధి స్తంభాల మీది మైకుల్లో ఓ పాట వస్తుంది. మొదట గుడి మైకేమో అనుకున్నాను. భూకంపాలకీ వరదలకీ హెచ్చరిక చెప్పే మైకులవని అల్లుడు చెప్పాడు. పనిచేస్తున్నాయో లేదో రోజూ ఆ పాటతో చూసుకుంటారు. ఆడుకునే పిల్లలకేమో అది ఇంటికి పొమ్మనే గంట. ఒకే మైకు, రెండు పనులు.

అక్టోబరు 12 అనే తేదీ మాకు గుండెల్లో రాయి. 2013లో ఆ రోజు ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది, 2018లో ఒక్కరోజు ముందు, 11 తెల్లవారుజామున, తిత్లీ మా పలాస దగ్గరే ఒడ్డెక్కింది. ఉద్దానంలో తాతల నాటి కొబ్బరి చెట్లూ జీడి తోటలూ ఆ పొద్దుటికి నేల మీదున్నాయి. 2019 అక్టోబరు 12న హగిబిస్ తుఫాను జపాను మీద పడింది. ఎదొగావాలో నూటికి డెబ్బై వంతుల నేల పోటు నీటిమట్టం కన్నా పల్లం. ఆ ఏడాది మే నెలలోనే వార్డు ఆఫీసు ఇంటింటికీ వరద పటం పంచింది. దాని మీద, పెద్ద వరదొస్తే ఇక్కడ ఉండొద్దు, వెళ్ళిపోండి అని మొహమాటం లేకుండా అచ్చేసింది. అక్టోబర్లో వేలమంది బడుల్లోనే తలదాచుకున్నారు. ఇక్కడా అంతే, తుఫానంటే జనం పరిగెత్తేది బడికే.

బడి భవనం ఉంటే చాలదని చెప్పడానికి 2011 మార్చి 11 నాటి సునామీ ఉంది. కమాయిషి అనే ఊళ్ళో మాధ్యమిక బడి పిల్లలు భూమి కదలడం ఆగీ ఆగగానే గట్టు వైపు పరుగుతీశారు. వాళ్ళని చూసి పక్కనున్న ప్రాథమిక బడి పిల్లలూ కదిలారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చెయ్యి పట్టుకున్నారు. ముందు అనుకున్న చోటు చాలదనిపించి ఇంకా పైకెక్కారు. అంతకు ముందు ఏళ్ళ తరబడి అదే దారిలో నడిచి నడిచి అలవాటైన కాళ్ళవి. అదే రోజు ఇషినొమకి దగ్గర ఒకావా ప్రాథమిక బడిలో 108 మందిలో 74 మంది పిల్లలు, పదిమంది మాస్టార్లు పోయారు. బడి వెనకే కొండ ఉంది. దాదాపు యాభై నిమిషాలు పిల్లల్ని ఆటస్థలంలోనే నిలబెట్టారు. ఎక్కడికి పోవాలో రాసిన కాగితం లేకపోలేదు. అందులో దగ్గర్లోని ఖాళీ స్థలమో పార్కో అని ఉందే గానీ ఫలానా చోటని లేదు. తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. ముందే సిద్ధంగా ఉండకపోవడం అధికారుల తప్పేనన్న తీర్పు 2019 అక్టోబర్లో వాళ్ళ సుప్రీంకోర్టులో ఖాయమైంది.

రెండూ జపాను బళ్ళే, రెండూ ఒకే చట్టం కింద నడిచినవే. అందుకే "జపాను వాళ్ళు" అని ఎవరైనా మొదలెడితే నేను ఏ ఊరి వాళ్ళని అడుగుతాను. మన తీరం పిల్లలకి నేర్పాల్సింది పెద్దగా ఏమీ లేదు: తుఫాను షెల్టరు తాళంచెవి ఎవరింట్లో ఉందో ప్రతి పిల్లకీ తెలియాలి, ఏడాదికి రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళి, తాళంచెవి తీసుకుని, తలుపు తెరిచి రావాలి. తుప్పు పట్టి తెరుచుకోకపోతే ఆ సంగతి సెప్టెంబర్లోనే తెలుస్తుంది.

6. ఇమడని పిల్లల లెక్క కూడా అడగాలి

వరసగా నడిచే పిల్లల్ని చూసినవాళ్ళు, వరసలోంచి తప్పుకున్న పిల్లల గురించి అడగరు. 2023–24లో జపానులో తొమ్మిదో తరగతి లోపు పిల్లలు 3,46,482 మంది ఏడాదిలో ముప్పై రోజులో, అంతకు మించో బడికి వెళ్ళలేదు. జబ్బు చేసీ కాదు, ఇంట్లో డబ్బు లేకా కాదు. తోటివాళ్ళ వేధింపు, మాస్టారితో పడకపోవడం, పొద్దున్నే కడుపులో దిగులు. మన దగ్గర బడి మానేసిన పిల్లాణ్ణి వెతుక్కుంటూ వెళ్తే జీడి తోటలోనో వలల దగ్గరో దొరికేవాడు. అక్కడ పిల్లాడు తన గదిలోనే ఉంటాడు, తలుపు తియ్యడు.

ఒసాకాలో తన జుట్టు పుట్టుకతోనే గోధుమరంగని చెప్పిన హైస్కూలు పిల్లని నల్లరంగు వేసుకు రమ్మని బడివాళ్ళు పదేపదే వెంటపడ్డారు. ఆ పిల్ల 2017లో కోర్టుకెక్కింది. 2021లో జిల్లా కోర్టు, జుట్టు రూలు పెట్టే హక్కు బడికి ఉందంటూనే, ఆ పిల్ల బల్ల తీసేసి జాబితాలో పేరు కొట్టేయడం తప్పని 3,30,000 యెన్‌లు ఇమ్మంది. టోక్యో సర్కారు హైస్కూళ్ళు 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి రూళ్ళు కొన్ని ఎత్తేశాయి. మన బళ్ళలో రెండు జడలు, రిబ్బను, నూనె లేకపోతే ప్రార్థన దగ్గర నిలబెట్టడం లేదూ? రూలు చిన్నదైనకొద్దీ దాన్ని నిలబెట్టాలన్న పట్టుదల పెద్దదవడం నేను రెండు దేశాల్లోనూ చూశాను.

7. మనందరికీ నచ్చిన జపాను బడి, జపానులో మామూలు బడి కాదు

హైదరాబాద్ బుక్ ట్రస్టు వాళ్ళు తెలుగులో వేసిన ‘రైలు బడి’ చదవని మాస్టారు తక్కువ. తెత్సుకో కురొయనగి తన చిన్నతనం గురించి రాసి 1981లో అచ్చేసిన పుస్తకం అది. ఒకటో తరగతిలోనే ఆ పిల్లని ఒక బడి వెళ్ళగొట్టింది. చేర్చుకున్నది సొసాకు కొబయాషి అనే హెడ్మాస్టరు 1937లో పెట్టిన తొమొయె బడి. తరగతులు జరిగేది పాత రైలు పెట్టెల్లో. మొత్తం పిల్లలు యాభై మంది. ఎవరికి నచ్చిన పాఠం వాళ్ళు ముందు మొదలెట్టొచ్చు. 1945 బాంబుల్లో కాలిపోయింది, మళ్ళీ లేవలేదు. దేశమంతా కవాతు చేస్తున్న రోజుల్లో ఆయన అలా నడిపాడు. ఈ పుస్తకం చదివి జపాను బళ్ళన్నీ ఇంతే అనుకుని, తరవాత అసలైనదాన్ని చూసి దిగులుపడ్డ కుర్ర మాస్టార్లు నాకు తెలుసు.

ఆయన పెట్టిన ఒక పద్ధతి మాత్రం మా ఉద్దానం కోసమే అన్నట్టుంటుంది. పిల్లల క్యారేజీలో సముద్రానిది ఒకటీ, కొండదీ నేలదీ ఒకటీ ఉండాలి. ఖరీదైన కూరలు అడగలేదాయన. మందస వైపు తిరిగితే మహేంద్రగిరి, ఇటు తిరిగితే సముద్రం, రెండిటి మధ్య పనస, జీడి, కొబ్బరి. ఎండు నెత్తళ్ళ వేపుడూ పనసపొట్టు కూరా తెచ్చిన పిల్ల కొబయాషి గారి బళ్ళో దర్జాగా మూత తీసి చూపించేది. మన కాన్వెంటుల్లో అదే పిల్ల నెత్తళ్ళ వాసన వస్తుందని మూత సగమే తీసుకుని తింటుంది.

8. మాస్టార్ల గోడు అన్ని చోట్లా ఒకటే

2018లో జరిగిన అంతర్జాతీయ సర్వేలో వారానికి 56 గంటలతో అందరికన్నా ఎక్కువ సేపు పనిచేసింది జపాను మాధ్యమిక బడి మాస్టార్లే. పాఠాలకి పట్టింది అందులో సగం కూడా లేదు. మిగతాది ఆటల క్లబ్బులు, కాగితాలు. ఈ ముక్క నేను మా పాత సహోద్యోగులకి చదివి వినిపిస్తే, ఒకప్పుడు యాప్‌లో మరుగుదొడ్డి ఫోటో ఎక్కించడానికి సిగ్నల్ కోసం డాబా ఎక్కిన ఒకాయన, "అయితే మనకేటి కొత్త," అని మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

9. పిల్లలు లేకపోతే ఏ పద్ధతీ మిగలదు

శికొకు దీవి కొండల్లో నగొరో అనే పల్లె ఉంది. 2012లో అక్కడి బడి మూసేశారు, చదివేవాళ్ళు లేక. త్సుకిమి అయనో అనే ఆవిడ గుడ్డబొమ్మలు కుట్టి తరగతి గదిలో బల్లల ముందు కూచోబెట్టింది. ఇప్పుడు అవి చూడటానికి విదేశాల నుంచి మనుషులొస్తున్నారు. 2024లో జపాను మొత్తంలో పుట్టిన పిల్లలు ఏడు లక్షల లోపే.

మన దగ్గర పిల్లలు పుట్టడమూ తగ్గింది, ఊళ్ళో మిగలడమూ తగ్గింది. సగం ఇళ్ళకి హైదరాబాదు, ముంబయి, గల్ఫు. మిగిలిన పిల్లల్ని పొద్దున్నే ప్రైవేటు బడి బస్సులు కాశీబుగ్గకి ఎత్తుకుపోతాయి. బడి కట్టడం బాగుంది, రంగులు బాగున్నాయి, ఒకటి నుంచి ఐదు వరకు కలిపినా ఒక్క గదికి సరిపోతారు. చీపురు వంతు చక్రం చేద్దామన్నా జట్టుకి నలుగురు తేలని బళ్ళు ఉన్నాయి.

10. వాళ్ళ పిల్లలూ మనల్ని అడుగుతారు, నిజమే చెప్పాలి

మనవరాలి తరగతిలో ఓ రోజు నన్ను నిలబెట్టి మీ ఊరి బడి గురించి చెప్పమన్నారు. మనవరాలే నా మాటలు వాళ్ళ భాషలో చెప్పింది. నిజంగా నేను చెప్పిందే చెప్పిందో, తనకి తోచింది కలిపిందో దేవుడికెరుక. మొదటి ప్రశ్న ఏనుగు మీద బడికి వెళ్తారా అని. అందరూ నవ్వారు. ఎక్కము గానీ, 2007లో ఒడిశా అడవుల్లోంచి మా జిల్లాలోకి ఏనుగుల గుంపు దిగిందనీ, అప్పట్నుంచీ మా వైపు వాటి రాకపోకలున్నాయనీ చెప్పాను. నవ్వు ఆగింది.

రెండోది ఎలుగుబంటి గురించి. ఇది అడిగినవాడి అమ్మమ్మగారిది ఉత్తరాన అకిత. అక్కడ కొండల్లో ఓక్ చెట్ల గింజలు సరిగ్గా కాయని ఏడు ఎలుగులు ఊళ్ళోకి దిగుతాయి. 2023–24లో జపానంతటా 219 మంది వాటి బారిన పడ్డారు. మావీ అంతేనన్నాను. జీడిపళ్ళూ పనసా పండే వేళకి తోటల్లోకి వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు జనం మీద పడింది. "మరి పిల్లలు బడికెలా వెళ్తారు?" అన్నాడు వాడు. గుంపుగా వెళ్తారు, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు అన్నాను. అకితలో సంచీకి గంట కట్టుకుంటారట, చప్పుడు విని ఎలుగే తప్పుకుంటుందట. వాడు తన సంచీకున్న చిన్న గంట విప్పి నా చేతిలో పెట్టబోతే పంతులమ్మ వద్దంది. అది వాడి అమ్మమ్మ కట్టిందట.

ఊరికొచ్చాక మా వీధి గుంటలకి ఈ సంగతి చెప్పాను. అందులో పెద్దది, ఐదో తరగతి పిల్ల, వెంటనే లెక్కకి దిగింది. గంట ఎంత ఉంటుంది, పలాసలో దొరుకుతుందా, అందరికీ కావాలా, గుంపుకి ఒకటి చాలదా.

"ఒకటి చాలు. ముందు నడిచేవాళ్ళు కట్టుకుంటారు," అన్నాను.

"అయితే మా పెయ్యదుంది తాతా," అంది. "రోజుకి ఒకళ్ళం కట్టుకుంటాం. సోమవారం నాది."